లేత్ మీద చెక్క గిన్నె: పట్టు ఎక్కడ తప్పుతుంది?

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణ చేసేవాళ్లు పనస దుంగను ఉలితో తొలిచి కుండ తీస్తారు. లోపలంతా ఖాళీ అయ్యేదాకా దుంగ ఉన్నచోటే ఉంటుంది, కదిలేది మనిషి చెయ్యి. లేత్ మీద చెక్క గిన్నె తీసేటప్పుడు ఈ లెక్క తలకిందులవుతుంది. ఉలి దాదాపు ఒకే చోట ఆనించి ఉంటుంది, నాలుగు కిలోల చెక్క నిమిషానికి ఏడు వందల చుట్లు తిరుగుతూ దానికి వచ్చి తగులుతుంది. చేతిపనిలో ఉలి జారితే వేలు తెగుతుంది. లేత్ పనిలో చెక్క జారితే ముఖం పగులుతుంది. అందుకే గిన్నె తీయాలనుకునేవాళ్లు ఉలి పట్టడం కంటే ముందు చెక్కను పట్టి ఉంచడం నేర్చుకోవాలి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ పనికి కర్రకు కొదవ లేదు. పనస, మామిడి, నేరేడు, వేప, నిద్రగన్నేరు, చింత అన్నీ దొరుకుతాయి. సామిల్లులో పలకలకు, గుమ్మాలకు పనికిరావని పక్కన పడేసిన పొట్టి దుంగలే గిన్నెకు సరిగ్గా సరిపోతాయి. లేత్ కూడా కొత్త వస్తువేమీ కాదు. మంచం కోళ్లు, మెట్ల కటకటాలు తీసే లేత్‌లు చాలా ఊళ్లలో ఉన్నాయి. ఇబ్బంది సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. కోళ్లు తీసి చెయ్యి తిరిగినవాడు అదే ధీమాతో అదే మిషన్ మీద గిన్నె దిమ్మను ఎక్కిస్తాడు. రెండు పనులకూ మిషన్ ఒకటే కావచ్చు, చెక్క మీద పడే బలాలు మాత్రం పూర్తిగా వేరు.

గిన్నె ఊడి ఎగిరిన చాలా సందర్భాల్లో చక్, అంటే చెక్కను దవడలతో పట్టి తిప్పే ఇనుప భాగం, బాగానే ఉంటుంది. ఇనుము అరుదుగా ఓడిపోతుంది. ఓడిపోయేది ఆ ఇనుము పట్టుకున్న చెక్క. ఎక్కువ డబ్బు పెట్టి మంచి చక్ కొంటే భయం లేదనుకోవడం అందుకే పొరపాటు.

మంచం కోడు వేరు, గిన్నె వేరు

మంచం కోడు తీసేటప్పుడు కర్రను రెండు మొనల మధ్య బిగిస్తారు. ఎడమవైపు మొన తిప్పుతుంది, కుడివైపు టెయిల్‌స్టాక్ (ముందుకూ వెనక్కీ జరిపే ఆసరా) మొన నొక్కి పట్టుకుంటుంది. కర్రలోని నార ఈ చివర నుంచి ఆ చివరకు, ఇరుసు వెంబడే నడుస్తుంది. ఉలికి చుట్టూతా ఒకే రకం చెక్క తగులుతుంది. పక్కనే అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసే లక్కపిడతల పని కూడా ఎక్కువగా ఈ కోవలోదే. అక్కడి ముక్కలు చిన్నవి, తేలికైనవి, వాటిలోనూ నార ఇరుసు వెంబడే ఉంటుంది.

గిన్నెకు దిమ్మ కోసే పద్ధతి వేరు. దుంగను నిలువునా రెండుగా చీల్చి, ఆ సగం చెక్కలోంచి గుండ్రటి దిమ్మ తీస్తారు. దాన్ని లేత్‌కు ఎక్కించినప్పుడు నార ఇరుసుకు అడ్డంగా పడుకుని ఉంటుంది. దిమ్మ ఒక్క చుట్టు తిరిగేలోపు ఉలికి రెండుసార్లు నార పక్కభాగం, రెండుసార్లు నార చివర్లు తగులుతాయి. మెత్తన, గట్టి, మెత్తన, గట్టి. నిమిషానికి 700 చుట్లంటే ఈ మార్పు సెకనుకు నలభైసార్లకు పైగా జరుగుతుంది. ఉలి ఎంత కుదురుగా పట్టినా ఆ అదురు చెక్కను పట్టుకున్న చోటికి చేరుతూనే ఉంటుంది.

రెండో తేడా ఇంకా పెద్దది. గిన్నె లోపల తొలవాలంటే ఎదురుగా ఖాళీ కావాలి. టెయిల్‌స్టాక్‌ను ఎప్పుడో ఒకప్పుడు వెనక్కి తీయక తప్పదు. అప్పటి నుంచి గిన్నె మొత్తం ఒక్క చివర పట్టు మీదే గాలిలో నిలబడుతుంది. కోడుకు రెండు వైపులా ఆసరా ఉంటే గిన్నెకు మిగిలేది ఒకవైపే.

ఆ ఒక్క పట్టు ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలి. గిన్నె అడుగున అంగుళంలో మూడో వంతు ఎత్తున ఒక గుండ్రటి పీట వదులుతారు. దీన్ని టెనన్ అంటారు. నాలుగు దవడల చక్ దాన్ని చుట్టూ పట్టి బిగిస్తుంది. చూడటానికి గట్టిగానే ఉంటుంది. కానీ పొయ్యిలోకి కర్రలు కొట్టినవాళ్లందరికీ ఒక విషయం తెలుసు. మొద్దును నార వెంబడి ఒక్క గొడ్డలి వేటుతో చీల్చవచ్చు, నారకు అడ్డంగా నరకాలంటే చేతులు పడిపోతాయి. టెనన్‌లో నార పీటకు అడ్డంగా, అట్టలు పేర్చినట్టు పొరలు పొరలుగా పడుకుని ఉంటుంది. గిన్నె అంచు దగ్గర ఉలి ఒక్కసారి గట్టిగా చిక్కుకుంటే, ఆ కుదుపు టెనన్‌ను ఒక పక్క నుంచి ఎత్తి పెరకడానికి చూస్తుంది. అంటే పొరను పొర నుంచి విడదీసే దిక్కులో లాగుతుంది. చెక్కకు అన్నిటికంటే తక్కువ బలం ఉండే దిక్కు అదే.

విరిగిన టెనన్‌ను చేతిలోకి తీసుకుని చూస్తే ఇది అర్థమవుతుంది. విరిగిన మొహం చీలికలు పేలికలుగా ఉండదు. దాదాపు నున్నగా, పలక చీల్చినట్టు ఉంటుంది. దవడల్లో చిక్కుకున్న ముక్క గుండ్రంగా, చెక్కుచెదరకుండా అక్కడే ఉంటుంది. చక్ తన పని తాను చేసింది. చెక్కే పొర దగ్గర విడిపోయింది.

వేగం లెక్క

ఊళ్లలో సొంతంగా కట్టుకున్న లేత్‌లకు ఎక్కువగా నిమిషానికి 1440 చుట్లు తిరిగే మామూలు మోటారు, బెల్టు, పుల్లీలు ఉంటాయి. మోటారుకు 3 అంగుళాల పుల్లీ, చెక్కను తిప్పే ఇరుసుకు, అంటే స్పిండిల్‌కు, 6 అంగుళాల పుల్లీ వేస్తే స్పిండిల్ 720 చుట్లు తిరుగుతుంది. మోటారుకు 2 అంగుళాలది వేస్తే 480. బెల్టు మార్చడానికి బద్ధకించి రెండు వైపులా ఒకే సైజు పుల్లీ ఉంచేస్తే మొత్తం 1440.

10 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందం ఉన్న పచ్చి దిమ్మ నాలుగు కిలోలకు పైనే తూగుతుంది. 480 చుట్ల వద్ద దాని అంచు గంటకు సుమారు 23 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. 720 వద్ద 34, 1440 వద్ద 69 కిలోమీటర్లు. వేగం ఇలా రెట్టింపైతే దిమ్మలో దాగిన శక్తి నాలుగింతలవుతుంది. 720 చుట్ల వద్ద అది దిమ్మను రెండు మీటర్ల పైచిలుకు ఎత్తు నుంచి జారవిడిచినంత. 1440 వద్ద దాదాపు 9 మీటర్లు, అంటే మూడంతస్తుల డాబా మీద నుంచి వదిలినంత. ఆ దిమ్మ వచ్చి తగిలేది ఛాతీకో ముఖానికో అయితే ఏమవుతుందో విడిగా చెప్పక్కర్లేదు.

దిమ్మ సమంగా లేనప్పుడు ఇదే లెక్క పట్టు మీద పడుతుంది. ఒకవైపు బెరడో బుడిపో ఉండి, ఇరుసుకు 10 సెంటీమీటర్ల దూరంలో 200 గ్రాముల బరువు ఎక్కువగా ఉందనుకుందాం. 480 చుట్ల వద్ద అది పట్టును 5 కిలోల బలంతో పక్కకు గుంజుతుంది. 720 వద్ద పదకొండు, పన్నెండు కిలోలు. 1440 వద్ద 46 కిలోలు. పైగా ఇది ఒక దిక్కుకు నిలకడగా లాగే బలం కాదు, ప్రతి చుట్టుకూ దిక్కు మారుతుంది. భూమిలో పాతిన రాటను ఊపి ఊపి పెరికినట్టే, ఈ ఊపు టెనన్‌ను లోపల్లోపల వదులు చేస్తుంది.

గిన్నె పనిలో ఆరితేరినవాళ్లు వాడే ఒక లెక్క ఉంది. దిమ్మ వెడల్పు అంగుళాల్లో, వేగం చుట్లలో తీసుకుని రెండూ హెచ్చవేస్తే 6000 నుంచి 9000 మధ్య రావాలి. 10 అంగుళాల గిన్నెకు 600 నుంచి 900, 12 అంగుళాలకు 500 నుంచి 750. ఇది దిమ్మ గుండ్రంగా, సమంగా అయ్యాకే. బెరడుతో, మూలలతో ఉన్న ముడి దిమ్మకు ఇంతకన్నా తక్కువలోనే మొదలుపెట్టాలి. వేగం పెంచితే కోత నున్నగా వస్తుందన్న మాట కొంతవరకు నిజమే. కానీ ఆ నునుపు పదునైన ఉలితో తక్కువ వేగంలోనూ వస్తుంది. పదును తగ్గిన ఉలిని వేగంతో కప్పిపుచ్చడం అలవాటైతే, అది ఎప్పుడో ఒకరోజు టెనన్ మీద తీరుతుంది.

గాలివాన కర్ర

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు లెక్కలేనన్ని కూలిపోయాయి. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. కవిటి, సోంపేట, మందస వైపు పెరట్లో ఒక్క పనస చెట్టు పోయినా ఇంట్లో మనిషి పోయినట్టే బాధపడతారు. అలాంటి కర్రను పొయ్యిపాలు చేయకుండా గిన్నెగానో పళ్లెంగానో నిలుపుకోవాలనుకోవడం మంచి ఆలోచన. కానీ గాలివానకు పడిన కర్రను లేత్ మీదికి ఎక్కించే ముందు మామూలు కర్ర కంటే రెట్టింపు పరీక్ష చేయాలి.

కారణం ఉంది. పెనుగాలికి చెట్టు వంగినప్పుడు ఒకవైపు నార సాగుతుంది, రెండోవైపు నార నలుగుతుంది. నలిగిన వైపు నార లోపల్లోపల ముడతపడి తెగుతుంది. పైకి పగులు కనిపించదు. చిత్రిక పట్టాక నారకు అడ్డంగా సన్నటి వెంట్రుక లాంటి గీత కనిపిస్తుంది, అంతే. ఎండబెట్టినప్పుడు వచ్చే పగులు నార వెంబడి ఉంటుంది, ఇది నారకు అడ్డంగా ఉంటుంది. ఈ గీత ఉన్న చోట చెక్క పట్టు దాదాపు పోయినట్టే. గీత గిన్నె అంచులో పడితే అంచు ముక్క ఎగురుతుంది. టెనన్ దగ్గర పడితే గిన్నే ఎగురుతుంది.

కొబ్బరి సంగతి వేరే. దానికి మిగతా చెట్లలా వలయాలు ఉండవు. మాను బయటి భాగం ఇనుములా గట్టిగా, నడుమ భాగం మెత్తగా ఉంటుంది. నడుమ భాగంలో స్క్రూ దిగుతుంది కానీ నిలవదు. బయటి గట్టి చెక్కతో చేసే చిన్న వస్తువులు చక్కగా వస్తాయి. కొబ్బరి మాను నడుమ భాగాన్ని పట్టుగా వాడి పెద్ద గిన్నె తీయాలనుకోవడం మాత్రం కోరి తెచ్చుకునే ప్రమాదం.

ఏ కర్రైనా ముందు చూడాల్సింది మానుకు నడిమధ్యన ఉండే బెండు. అది దిమ్మలో మిగిలిపోతే ఆరేటప్పుడు పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. అందుకే దుంగను చీల్చేటప్పుడు బెండు రెండు వైపులా అంగుళం మేర తీసేయడం మంచిది. తర్వాత మేకులు. ఇంటి పెరట్లో, రోడ్డు పక్కన పెరిగిన చెట్టులో బట్టలారేసే తీగ మేకులు, బోర్డుల మేకులు, కంచె ముళ్లు కర్ర లోపలికి కలిసిపోయి ఉంటాయి. మేకు ఉన్నచోట చెక్క నీలం, నలుపు మరకలు పడుతుంది. మరక కనిపిస్తే తవ్వి చూడాల్సిందే.

చివరగా శబ్దం. దిమ్మను ఒక చేత్తో పట్టుకుని రెండో చేతి వేలి కణుపులతో తట్టాలి. కుండల సంతలో కుండను తట్టి కొన్నట్టే. బాగున్న దిమ్మ ఖంగుమంటుంది, లోపల చీలిక ఉన్నది బొంగురుగా పలుకుతుంది. పచ్చి కర్రలో తేడా అంత స్పష్టంగా వినిపించదు, ఆరిన కర్రలో వినిపిస్తుంది. అనుమానం ఉన్న చీలికలో పల్చటి జిగురు పోసి సర్దుకోవచ్చని కొందరు చెబుతారు. రంగు, పాలిష్ దగ్గర ఆ సర్దుబాటు చెల్లుతుంది, పట్టు దగ్గర చెల్లదు.

మొదటి పట్టు, రెండో పట్టు

గిన్నెను లేత్ మీద కనీసం రెండుసార్లు పడతారు. మొదటిసారి గిన్నె నోరు రాబోయే మొహాన్ని లేత్ వైపు పెట్టి, అడుగును మనవైపు ఉంచి బయటి ఆకారం తీస్తారు. అప్పుడే అడుగున టెనన్ కూడా తీస్తారు. తర్వాత గిన్నెను తిప్పి, టెనన్‌ను చక్‌లో బిగించి లోపల తొలుస్తారు.

మొదటి పట్టుకు అన్నిటికంటే నమ్మకమైనది ఫేస్‌ప్లేట్. స్పిండిల్ మీద మరతో ఎక్కే ఇనుప పళ్లెం అది. దాని రంధ్రాల్లోంచి స్క్రూలు దిమ్మలోకి దిగుతాయి. గిన్నె దిమ్మలో స్క్రూలు నార పక్కభాగంలోకి దిగుతాయి కాబట్టి పట్టు బలంగా ఉంటుంది. నార చివర్లలోకి దిగిన స్క్రూ అంత నిలవదు. 10 అంగుళాల దిమ్మకు ఆరు స్క్రూలకు తగ్గకూడదు, ఒక్కొక్కటి కనీసం అంగుళం మేర చెక్కలోకి దిగాలి. ఆ రంధ్రాలు ఎలాగూ తొలిచేసే భాగంలోనే ఉంటాయి కాబట్టి గిన్నెకు మచ్చ పడుతుందన్న దిగులు అక్కర్లేదు.

స్క్రూల ఎంపికలో ఒక పొరపాటు పదేపదే కనిపిస్తుంది. సీలింగ్ పనికి వాడే నల్ల జిప్సమ్ స్క్రూలు చౌక, డ్రిల్లు మిషన్‌తో చకచకా దిగుతాయి, ప్రతి షాపులో దొరుకుతాయి. కానీ వాటిని గట్టిపడేలా కాల్చి చేస్తారు. వంచితే వంగవు, పుటుక్కున తెగుతాయి. సీలింగ్‌లో వాటి మీద పడేది నిలకడైన బరువు, లేత్ మీద పడేది ప్రతి చుట్టుకూ మారే కుదుపు. వాటి తలలు ఒక్కొక్కటే లోపల తెగిపోతుంటే బయటికి ఏమీ తెలియదు. మందపాటి కాడ ఉన్న చెక్క స్క్రూలు, రేకు స్క్రూలు తెగేముందు వంగుతాయి. ఆ వంగడం వల్ల దిమ్మ కొంచెం అల్లల్లాడి హెచ్చరిస్తుంది. నల్ల స్క్రూ హెచ్చరించదు.

చక్‌లో బిగించే పెద్ద ఒంటి స్క్రూ ఇంకో దారి. దిమ్మలో ఒక్క రంధ్రం తీసి దాని మీదికి తిప్పి ఎక్కిస్తారు, నిమిషంలో పని అయిపోతుంది. ఇక్కడ బలమంతా స్క్రూలోనే ఉందనుకుంటారు. నిజానికి దిమ్మ మొహం దవడల మీద సమంగా, వెలితి లేకుండా ఆనడంలోనే సగానికి పైగా బలం ఉంది. రంపంతో కోసిన ఎగుడుదిగుడు మొహాన్ని అలాగే ఎక్కిస్తే దిమ్మ స్క్రూ మీద ఊగుతుంది, ఊగిన ప్రతిసారీ చెక్కలో మర నలుగుతుంది. ముందు ఆ మొహాన్ని చిత్రికతో సమం చేయాలి. పెద్ద, బరువైన, ఒకపక్కకు వాలిన దిమ్మలకు ఈ పద్ధతి వద్దు.

ఇక టెనన్. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే లోపల తొలిచేంతసేపూ మనిషికీ ప్రమాదానికీ మధ్య ఉండేది ఇదొక్కటే.

చాలామంది టెనన్‌ను పొడుగ్గా తీస్తే పట్టు పెరుగుతుందనుకుంటారు. ఎంత లోపలికి దిగితే అంత గట్టి అన్నది రాట విషయంలో నిజం, టెనన్ విషయంలో కాదు. టెనన్ మరీ పొడుగైతే దాని అడుగు చక్ లోపలి మొహానికి తగులుతుంది. అప్పుడు గిన్నె అడుగుకూ దవడల పైమొహానికీ మధ్య సందు మిగులుతుంది. గిన్నె టెనన్ మీదే గాలిలో నిలబడుతుంది. ఉలి చిక్కుకుంటే ఆ బలమంతా రెండు అంగుళాల టెనన్ మీదే పడుతుంది. టెనన్ సరిగ్గా పొట్టిగా ఉండి, దాని చుట్టూ ఉన్న గిన్నె భాగం దవడల పైమొహం మీద చుట్టూతా ఆనితే, గిన్నెను వాలనివ్వకుండా ఆపేది ఆ వెడల్పు మొత్తం. అన్నం ఉన్న పళ్లేన్ని మూడు వేళ్ల మీద నిలబెట్టడానికీ, అరచేయి చాచి పట్టుకోవడానికీ ఉన్నంత తేడా ఇది. మధ్య సైజు గిన్నెకు 6 నుంచి 8 మిల్లీమీటర్ల ఎత్తు చాలు, పెద్దదానికి 10, 12.

ఎంత వెడల్పు ఉండాలన్నదానికి స్థూలంగా గిన్నె వెడల్పులో మూడో వంతు అన్నది మంచి కొలత. దానితో పాటు చక్‌నూ చూడాలి. నాలుగు దవడలూ ఒక్క వెడల్పు దగ్గరే కచ్చితమైన వృత్తంగా కలుస్తాయి, అది దాదాపు పూర్తిగా మూసుకునే ముందు. టెనన్ ఆ వెడల్పుకు దగ్గరగా ఉంటే ప్రతి దవడ తన వంపు మొత్తంతో చెక్కను పట్టుకుంటుంది. దవడలను బాగా తెరిచి పెద్ద టెనన్ పట్టిస్తే ఒక్కో దవడ తన రెండు మూలలతోనే తగులుతుంది. వృత్తం మొత్తం కాదు, ఎనిమిది చుక్కలు. ఆ చుక్కలు చెక్కలోకి దిగి నలిపేస్తాయి. పెద్ద గిన్నెకు పెద్ద టెనన్ కావాలంటే చక్‌కు పెద్ద దవడలు మార్చాలి, ఉన్నవాటిని సాగదీయకూడదు.

టెనన్ పక్కగోడ దవడ వాలుకు సరిపోవాలి. వాలున్న దవడలైతే టెనన్ మొదట్లో సన్నగా, చివర కొంచెం వెడల్పుగా ఉండాలి, అప్పుడు బిగించేకొద్దీ గిన్నె వెనక్కి, చక్ మీదికి లాగబడుతుంది. టెనన్ గిన్నెను కలిసే మూలలో ఉలి వదిలిన చిన్న గుండ్రటి మిగులు ఉంటే దవడ అక్కడ ఆగిపోయి ఆనదు. వేలిగోరుతో ఆ మూలను తడిమితే తెలుస్తుంది. ఇంత చిన్న మిగులు గిన్నె మొత్తాన్ని వదులుగా నిలబెడుతుంది.

బిగించాక వదిలేయకూడదు. స్పిండిల్‌ను చేత్తో పావు చుట్టు తిప్పి, చక్ రెండో తాళం రంధ్రంలో తాళం చెవి పెట్టి మళ్లీ బిగించాలి. పచ్చి చెక్క దవడల కింద నలిగి సర్దుకుంటుంది, అందుకే కాసేపు తొలిచాక మిషన్ ఆపి ఇంకోసారి బిగించాలి. మధ్యాహ్నం భోజనానికి వెళ్లి వచ్చినా, రాత్రంతా వదిలేసి పొద్దున మొదలుపెట్టినా ముందు తాళం చెవి తిరుగుతుందేమో చూడాలి. దాదాపు ప్రతిసారీ కొంచెం తిరుగుతుంది. బిగించిన చెవిని తీసి బల్ల మీద పెట్టాకే స్విచ్ వైపు చూడాలి. చక్‌లో మరిచిన చెవి దిమ్మ కంటే ముందే ఎగురుతుంది.

టెనన్‌కు బదులు అడుగున గుంట తీసి, దవడలను లోపలి నుంచి తెరిచి పట్టడం కూడా ఉంది. ఆరిన, గట్టి, నార బాగున్న చెక్కలో, గుంట చుట్టూ కనీసం ముప్పావు అంగుళం మందం ఉన్నప్పుడు అది బాగానే పని చేస్తుంది. కానీ దవడలు బయటికి తోస్తాయి, చెక్క సహజంగా చీలే దిక్కూ అదే. గట్టిగా బిగిద్దామన్న ఆత్రంలో గిన్నెను చేజేతులా చీల్చుకున్నట్టవుతుంది.

ఇనుప పనుల షాపుల్లో ఉండే మూడు దవడల చక్‌తో గిన్నె తీయొచ్చా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. ఆ చక్ గుండ్రటి ఇనుప కడ్డీ కోసం చేసింది. సన్నటి మూడు దవడలు చెక్కను మూడు గీతల మీద నలుపుతాయి, గిన్నె అడుగుకు ఆనేంత వెడల్పు వాటికి ఉండదు, వాటి మూలలు బయటికి పొడుచుకుని తిరుగుతూ వేలి కణుపులను వెతుక్కుంటాయి. చిన్న బొంగరానికి సరే, గిన్నెకు వద్దు.

స్విచ్ వేసే ముందు, కరెంటు పోయాక

కొత్తగా బిగించిన దిమ్మను మొదట చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పాలి. ఉలి ఆన్చే ఊతకు ఎక్కడా తగలకూడదు. టెయిల్‌స్టాక్‌ను దిమ్మకు నొక్కి బిగించాలి. బయటి ఆకారం తీసేంతసేపూ, లోపల తొలవడం మొదలుపెట్టాక కూడా వీలైనంతసేపు, అది అక్కడే ఉండాలి. అడ్డంగా ఉందని ముందే తీసేయడం చాలామందికి ఉన్న అలవాటు. నడుమ చిన్న స్తంభంలా చెక్క వదిలి, దాని మీద టెయిల్‌స్టాక్‌ను ఆన్చి, చుట్టూ తొలుచుకుంటూ పోవచ్చు. ఆ స్తంభాన్ని చివర్లో తీసేయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు.

స్విచ్ వేసేటప్పుడు మనిషి దిమ్మకు ఎదురుగా ఉండకూడదు. ఊడిన దిమ్మ తిరిగే తలంలోనే ఎగురుతుంది, పైకో ముందుకో వెనక్కో. ఆ గీతకు పక్కగా నిలబడి వేస్తే మొదటి పది సెకన్ల ప్రమాదం చాలావరకు తప్పుతుంది. చూడవచ్చినవాళ్లు, పిల్లలు ఎక్కువగా ఆ గీతలోనే నిలబడతారు. వాళ్లను అక్కడి నుంచి తప్పించాల్సిన బాధ్యత మిషన్ దగ్గరున్నవాడిదే. ముఖం మొత్తం కప్పే అద్దం తొడుగు తప్పనిసరి, కళ్లజోడు చాలదు. చేతికి గుడ్డ తొడుగులు వద్దు. మెడలో తువ్వాలు, వదులు లుంగీ, మణికట్టుకు కట్టిన గుడి దారం, ఇవేవీ తిరిగే దవడల దగ్గర ఉండకూడదు. దారాన్ని తీయడం ఇష్టం లేకపోతే దాని మీద బిగుతైన ఫుల్‌చేతుల చొక్కా మడవకుండా గుండీ పెట్టుకోవాలి.

మన వైపు పల్లెల్లో ఇంకో ప్రమాదం ఉంది. పని మధ్యలో కరెంటు పోతుంది. మిషన్ ఆగుతుంది. స్విచ్ ఆఫ్ చేయాలన్న సంగతి గుర్తుండదు, చక్ వదులైందేమోనని తాళం చెవి పెట్టి చూస్తుంటారు. అంతలో కరెంటు వస్తుంది. మామూలు స్విచ్ అయితే చెవి, చెయ్యి రెండూ చక్ మీద ఉండగానే మిషన్ తిరుగుతుంది. పొలంలో బోరు మోటారుకు ఉండే పచ్చ, ఎర్ర బటన్ల స్టార్టర్ ఈ ప్రమాదాన్ని ఆపుతుంది. కరెంటు పోగానే అది తనంతట తానే తెగుతుంది, మళ్లీ పచ్చ బటన్ నొక్కితేగానీ మోటారు కదలదు. లేత్‌కు అలాంటిదే పెట్టించాలి. అయితే చాలామంది రైతులు కరెంటు వచ్చినప్పుడు మోటారు దానంతటదే ఆడాలని బోరుకు ఆటో స్టార్టర్ పెట్టుకుంటారు. పాత బోరు సామాను తెచ్చి లేత్‌కు తగిలించేటప్పుడు అందులో ఆటో ఉందేమో చూసి తీసేయాలి. నీటికి వరమైనది చెక్క పనిలో ప్రాణం మీదికి తెస్తుంది.

తొలిచేటప్పుడు చప్పుడు వింటూ ఉండాలి. బాగా పట్టిన గిన్నె ఒకే రకం హోరుతో తిరుగుతుంది. ఆ హోరులో టకటకమన్న చిన్న చప్పుడు చేరిందంటే పట్టు వదులైంది, లేదా ఎక్కడో చీలిక తెరుచుకుంటోంది. కోత గీతలు ఇంతసేపూ సమంగా వచ్చి ఇప్పుడు ఒకవైపే లోతుగా పడుతున్నా అదే అర్థం. ఈ రెంటిలో ఏది గమనించినా ఇంకొక్క కోత తీసి ఆపుదామనుకోకూడదు. ఎగిరిన గిన్నెల్లో చాలా వాటికి ఆ ఒక్క కోతే చివరిది.

ఆరబెట్టి మళ్లీ పట్టినప్పుడు

పచ్చి కర్రతో గిన్నె తీస్తే దాన్ని ఒకే విడతలో పూర్తి చేయరు. వెడల్పులో పదో వంతు మందం ఉంచి, అంటే 10 అంగుళాల గిన్నెకు అంగుళం గోడతో, మొరటుగా తీసి పక్కన పెడతారు. తీరం పక్క ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆరడానికి నెలలు పడుతుంది. తొందరపడి ఎండలో పెడితే పగులుతుంది.

ఆరేటప్పుడు చెక్క అన్ని దిక్కులా ఒకేలా కుంచించుకుపోదు. వలయాల వెంబడి ఎక్కువ, వలయాలకు అడ్డంగా దానిలో సగం, నార పొడవునా దాదాపు ఏమీ ఉండదు. అందువల్ల గుండ్రటి గిన్నె కోడిగుడ్డు ఆకారంలోకి తిరుగుతుంది, దానితో పాటు టెనన్ కూడా. ఆ కోడిగుడ్డు టెనన్‌ను అలాగే చక్‌లో పెట్టి బలవంతంగా బిగిస్తే రెండు దవడలు బిగుస్తాయి, రెండు ఊరికే తగులుతాయి. గిన్నెను ఫేస్‌ప్లేట్ ముందు ఒక చెక్క బుడిపె మీద బోర్లించి, టెనన్ మధ్య టెయిల్‌స్టాక్ మొన పెట్టి నొక్కి, ముందు టెనన్‌ను మళ్లీ గుండ్రంగా తీయాలి. ఇందుకోసమే మొదటిసారి టెనన్‌ను కొంచెం వెడల్పుగా వదలాలి, దాని మధ్య గుర్తును చెరపకుండా ఉంచాలి. గోడ పల్చబడేకొద్దీ ఉలి ఒత్తిడి కూడా తగ్గాలి. పల్చటి అంచు ఉలికి వంగి వెంటనే వెనక్కి తంతుంది, ఆ తన్ను నేరుగా అడుగుకు చేరుతుంది.

గిన్నె అంతా పూర్తయ్యాక ఇంతసేపు దాన్ని మోసిన టెనన్‌ను తీసేయాలి. గిన్నెను మళ్లీ బోర్లించి, లోపల మెత్తటి రబ్బరు షీటు అడ్డుపెట్టి, టెయిల్‌స్టాక్ నొక్కి, 500 చుట్లకు మించకుండా టెనన్‌ను సన్నం చేసుకుంటూ పోతారు. చివరికి మొన కింద బొటనవేలంత బొడిపె మిగులుతుంది. దాన్ని తిరుగుతుండగా తెంపకూడదు. మిషన్ ఆపి, గిన్నెను ఒళ్లోకి తీసుకుని, చిన్న రంపంతో కోసి, ఉలితో చెక్కి నున్న చేయాలి. గొల్లపల్లి వీణ కుండను తొలిచినట్టే, చెక్క కదలకుండా, చెయ్యి మాత్రమే కదులుతూ.